లాభం కాయితం మీద.. పైసలు ఇంకోళ్ల జేబుల

పని చేసినోడు పైసల కోసం తిరుగుడు, పని చేయించుకున్నోడు 'రేపు రా' అనుడు.. మన రాష్ట్రంల ఇది కొత్త వార్త కాదు. 2025 మార్చిల చిన్న కాంట్రాక్టర్లు బిల్లుల కోసం సెక్రటేరియట్‌లనే బైఠాయించిన్రు. అదే యేడు నవంబర్‌ల ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఇయ్యాలని ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయి. ఊర్లల్ల సీసీ రోడ్లు, మోరీలు, వైకుంఠధామాలు కట్టించిన మాజీ సర్పంచులు తెచ్చిన అప్పుకు మిత్తి కట్టుకుంట బిల్లు కోసం ఎదురుచూసుడు ఎన్నేండ్ల సంది చూస్తున్నం. ఈ బాకీలు ఒక్క సర్కారుతోని పుట్టినయి గావు, ఒక్క సర్కారుతోని పోలేదు గూడ.

'మనకేంది, మనం సర్కారు పనులు చేస్తలేం గదా, సొంతంగ స్టార్టప్ పెట్టుకుంటం' అనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకే ఈ ముచ్చట. ఎందుకంటె సర్పంచుకు వచ్చిన కష్టమే, పేరు మార్చుకోని, రేపు మీ కంపెనీ తలుపు కొడ్తది. దాని ఇంగ్లిష్ పేరు క్యాష్ ఫ్లో. మన భాషల చెప్పాలంటె, పైసలు వచ్చే తారీఖు, పైసలు పోయే తారీఖు. ఈ రెండు తారీఖుల నడుమ ఉన్న సందులనే చిన్న కంపెనీ పానం పోతది.

స్టార్టప్ అనంగనే అందరు ఐడియా గురించి మాట్లాడ్తరు, ఫండింగ్ గురించి మాట్లాడ్తరు. నేను ఊర్లల్ల, మండల కేంద్రాలల్ల చిన్న యూనిట్లు పెట్టుకున్న పోరగాండ్లతోని మాట్లాడుతుంట. పిండి మర పెట్టినోళ్లు, చిరుధాన్యాల తినుబండారాలు చేసేటోళ్లు, డ్రోన్‌తోని మందు కొట్టేటోళ్లు, పాల వ్యాపారం చేసేటోళ్లు. 'ఐడియా ఫెయిలైంది' అన్నోళ్లు తక్కువ. ఎక్కువ మంది నోట్ల ఒకటే మాట: 'అన్నా, ఆర్డర్లున్నయి, పైసల్లేవు.'

ఇది వినెటోళ్లకు నవ్వులాట లెక్క ఉంటది. ఆర్డరుంటె పైసలెందుకుండవు? అదే లెక్క ఇప్పుడు చేద్దాం.

మూడు నెలల లెక్క

ముగ్గురు దోస్తులు జొన్న, రాగి పిండి ప్యాకెట్లు చేసే యూనిట్ పెట్టిన్రు అనుకుందాం. తలా ఇంత వేసుకోని 8 లక్షలు జమ చేసిన్రు. ఒక పెద్ద సూపర్‌మార్కెట్ కంపెనీ ఆర్డరిచ్చింది. నెలకు 5 లక్షల సరుకు. ప్యాకెట్ల పిండి కాబట్టి 5 శాతం జీఎస్టీ, అంటె ఇంకో 25 వేలు. మొత్తం బిల్లు 5 లక్షల 25 వేలు. షరతు ఏందంటె, బిల్లు ఇచ్చిన 60 రోజులకు పైసలు.

ఖర్చులు చూద్దాం. రైతుల దగ్గర జొన్నలు, రాగులు కొనుడు, అది చేతుల పైసలు పెడితెనే అయితది. ప్యాకింగ్ చేసే ఆడోళ్లకు శనివారం శనివారం కూలి. కవర్లు, ఆటో కిరాయి, కరెంటు బిల్లు, రూము కిరాయి, మిషన్ ఈఎంఐ. అన్నీ కలిపి నెలకు 4 లక్షల 30 వేలు. అందుల కొన్న సరుకు మీద వీళ్లు కట్టిన జీఎస్టీ 10 వేలు ఉంది. ఆ 10 వేలు తీసేసుకోని మిగిలిన 15 వేలు సర్కారుకు కట్టాలె. అంటె నెలకు లాభం 80 వేలు. మండల కేంద్రంల కూసోని నెలకు 80 వేల లాభమంటె మస్తు మంచి వ్యాపారం.

జూన్ 1న మొదలువెట్టిన్రు. జూన్ అంత 4 లక్షల 30 వేలు పోయినయి. జూన్ 30న లోడు పంపి బిల్లు కొట్టిన్రు. చేతుల మిగిలింది 3 లక్షల 70 వేలు.

జూలై వచ్చింది. మల్ల 4 లక్షల 30 వేల ఖర్చు. దాని మీద జూలై 20న జూన్ నెల జీఎస్టీ 15 వేలు కట్టాలె. సూపర్‌మార్కెటోడు ఇంక ఒక్క రూపాయి ఇయ్యలేదు, అయినా పన్ను మాత్రం కట్టాల్సిందే. ఎందుకంటె సరుకు అమ్మేటోళ్లకు జీఎస్టీ బిల్లు మీద పడ్తది, పైసలు వచ్చినయా లేదా అన్నది ఆ చట్టం చూడదు. కట్టకపోతె యేడాదికి 18 శాతం మిత్తి. జూలై ఆఖరుకు లెక్క చూస్తె 75 వేలు తక్కువ. సొంత పైసలు అయిపోయినయి, అప్పు మొదలైంది.

ఆగస్టుల మల్ల అదే ఖర్చు, అదే పన్ను. ఆగస్టు 28కి దగ్గర దగ్గర 5 లక్షల 20 వేల గుంత. ఆగస్టు 29న జూన్ బిల్లు పైసలు 5 లక్షల 25 వేలు పడ్తయి. గుంత పూడంగ చేతుల మిగిలింది 5 వేలు.

ఇప్పుడు చూడుండ్రి. మూడు నెలల లాభం 2 లక్షల 40 వేలు. అది అబద్ధం కాదు, లెక్క రాసే ఏ సీఏను అడిగినా అదే చెప్తడు. కాని బ్యాంకుల ఉన్నది 5 వేలు. పెట్టిన 8 లక్షలు, వచ్చిన లాభం ఎక్కడ పోయినయి? జూలై, ఆగస్టు బిల్లుల రూపంల 10 లక్షల 50 వేలు సూపర్‌మార్కెటోని దగ్గర ఉన్నయి. అందుకనే లాభం కాయితం మీద, పైసలు ఇంకోళ్ల జేబుల అంటున్న.

అదే బిల్లు 15 రోజులకు వచ్చిందనుకోండ్రి. జూన్ బిల్లు జూలై 15కే పడ్తది. అప్పటికి చేతుల ఇంక లక్షన్నర మిగిలే ఉంటది. ఒక్క రూపాయి అప్పు చేయకుంట కంపెనీ నడుస్తది. అదే సరుకు, అదే ధర, అదే కష్టం. మారింది ఒక్క తారీఖు.

గిరాకీ పెరిగితే ఇంక గండం

ఇంకో తమాషా ఉంది. ఆగస్టుల ఆ కంపెనీ ఫోన్ చేసి 'మీ సరుకు బాగ పోతుంది, రెండింతలు పంపుండ్రి' అన్నదనుకుందాం. దోస్తులు ముగ్గురు స్వీట్లు పంచుకుంటరు. కాని రెండింతల సరుకంటె రెండింతల జొన్నలు, దగ్గర దగ్గర రెండింతల కూలి. ఇంకో 4 లక్షలు ఇయ్యాల్నే కావాలె. ఆ సరుకు పైసలు వచ్చేది ఎప్పుడో దీపావళి దగ్గర. నడువలేని వ్యాపారం మూతబడితె అందరికి అర్థమైతది. నడుస్తున్న వ్యాపారం, గిరాకీ పెరిగి మూతబడుడు మాత్రం ఊర్ల ఎవ్వరికి అర్థంగాదు. 'పోరగాండ్లు పైసలు తినేసిన్రు' అంటరు.

అప్పుడు ఏం చేస్తరు? బ్యాంకుకు పోతె యేడాది టర్నోవర్ చూపియ్యమంటది, జామీను పెట్టమంటది. ఊర్ల ఫైనాన్స్‌కు పోతె నూటికి రెండు రూపాయల మిత్తి. 5 లక్షలకు నెలకు 10 వేలు. 80 వేల లాభంల 10 వేలంటె రూపాయికి రెండణాలు. ఆ మిత్తి ఎవరికోసం కడ్తున్నరు? సూపర్‌మార్కెట్ కంపెనీ పైసలు ఆపుకున్నందుకు. అంటె వేల కోట్ల వ్యాపారం చేసేటోనికి మండల కేంద్రంల ఉన్న ముగ్గురు పోరగాండ్లు మిత్తి లేని అప్పు ఇస్తున్నరన్నట్టు. మన దగ్గర కిరాణం షాపుల ఉద్దెర పెడితె కనీసం గోడ మీద 'ఉద్దెర రేపు' అని రాసి ఉంటది. ఇక్కడ ఆ గోడ గూడ లేదు.

రైతు బిడ్డలకు ఇది కొత్తగ చెప్పేది ఏముంది అనొచ్చు. పెట్టుబడి వానకాలం ముంగట పోతది, పైసలు కోతలైనంక వస్తయి. ఐకేపీ సెంటర్ల వడ్లు కాంటా పెట్టినంక గూడ ఖాతాల పైసలు పడేదాక రోజులు లెక్కపెట్టుకుంటనే ఉంటం. కాని ఒక తేడా ఉంది. పంట చేతికొచ్చే తారీఖు మొగులు చేతుల ఉంటది, దాన్ని ఎవ్వరం మార్చలేం. బిల్లు ఇచ్చే తారీఖు మాత్రం మనిషి చేతుల ఉంటది. ఏసీ రూముల కూసున్న ఒకడు 60 అని రాసిండు కాబట్టి 60 అయింది. 15 అని రాస్తె 15 అయితది.

పెద్దోళ్లనూ తారీఖులు వదిలిపెట్టలే

ఇది చిన్నోళ్ల బాధే అనుకోకుండ్రి. బైజూస్ కంపెనీకి 2022ల 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన్రు. రెండేండ్లకు, 2024 జూలైల, బీసీసీఐకి ఇయ్యాల్సిన సుమారు 158 కోట్ల రూపాయల స్పాన్సర్‌షిప్ బాకీ కాడ ఎన్‌సీఎల్‌టీ దాని మీద దివాలా ప్రక్రియ మొదలువెట్టింది. ఆ కంపెనీ కూలుడుకు కారణాలు ఇంక చాన ఉన్నయి, అప్పులున్నయి, లెక్కల మీద పంచాది ఉంది. కాని నేర్చుకోవాల్సిన ముక్క ఒకటే. కంపెనీ విలువ వేరు, ఇయ్యాల్సిన రోజు చేతుల ఉన్న పైసలు వేరు. విలువతోని కూలి ఇయ్యరాదు.

2023 మార్చి 10న అమెరికాల సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మూతబడ్డప్పుడు గూడ ఇదే చూసినం. పైసలున్న స్టార్టప్‌లే, కాని అన్నీ ఒక్క బ్యాంకుల పెట్టినయి. ఇన్సూరెన్స్ ఉన్నది 2 లక్షల 50 వేల డాలర్ల దాకనే. జీతాలు ఎట్ల ఇయ్యాలె అని శుక్రవారం నుంచి ఆదివారం దాక నిద్రలేదు. డిపాజిట్లు మొత్తం ఇస్తమని అక్కడి సర్కారు ఆదివారం నాడు చెప్పినంకనే ఊపిరి పీల్చుకున్నరు.

మన దగ్గర దానికి చిన్న తమ్ముని లెక్క ఇంకో ఆపద ఉంది. ఎవడో సైబర్ దొంగ కొట్టేసిన పైసలు చేతులు మారి మారి, యూపీఐల మీ గిరాకీ రూపంల మీ ఖాతాకు వచ్చినయనుకోండ్రి. ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసుల ఫిర్యాదు మీద మీ ఖాతా ఫ్రీజ్ అయితది. మీ తప్పు లేకపోయినా అది తేలేదాక మీ పైసలు మీకు రావు. రెండు బ్యాంకులల్ల రెండు ఖాతాలు ఉండాలె అనేది గందుకే.

ఆలస్యం ఎటు దిక్కు పారుతది?

నాకు అన్నిటికంటె ఎక్కువ కోపం వచ్చేది ఈడ. నీళ్లు పల్లానికి పారినట్టు బాకీ గూడ పల్లానికే పారుతది. పెద్ద కంపెనీ చిన్న కంపెనీకి 60 రోజులు ఆపుతది. చిన్న కంపెనీ ఏం చేస్తది? ఈఎంఐ ఆపితె బ్యాంకోడు ఊకోడు, సిబిల్ స్కోర్ పోతది. జీఎస్టీ ఆపితె నోటీసు వస్తది. కరెంటు బిల్లు ఆపితె ఫ్యూజ్ పీకుతరు. ఆపితె అడగలేనిది ఎవరు? జొన్నలు ఇచ్చిన రైతు. ప్యాకింగ్ చేసిన అక్కలు. 'వచ్చే వారం ఇస్త పెద్దమ్మా' అంటె ఆమె ఏమంటది? సరే బిడ్డా అంటది. సాయంత్రం డ్వాక్రా సంఘంల కిస్తు కట్టనీకి పక్కింట్ల చేబదులు తీసుకుంటది.

అంటె హైదరాబాద్‌ల, ముంబైల ఒక ఆఫీసుల తీసుకున్న 60 రోజుల నిర్ణయం ఆఖరుకు ఆ ఆడిమనిషి కొంగుముడి మీద పడ్తది. కూలి ఆపి నడిపే కంపెనీని నేను స్టార్టప్ అనను. అది ఉద్దెర మీద నడిచే దుకాణం, ఆ ఉద్దెర గూడ అడగకుంట తీసుకున్నది.

అందుకనే పైసలు ఎవరికి ముందు, ఎవరికి ఎనుక అనేది లెక్కల ముచ్చట ఒక్కటే కాదు, నీతి ముచ్చట గూడ. నా వరుస ఇది: ముందు కూలి, తర్వాత రైతు, తర్వాత పన్ను, కిస్తు. అటెన్క ఉద్దెరకు ఒప్పుకున్న కవర్ల కంపెనీ, ట్రాన్స్‌పోర్టు. ఆఖరుకు ఓనర్లు తీసుకునే జీతం. కష్టం వచ్చినప్పుడు కింది నుంచి ఆపుకుంట రావాలె, పైనుంచి కాదు.

చట్టం మన దిక్కే ఉంది, కాని..

దేశంల చిన్న సంస్థలకు రావాల్సిన పైసలు ఆగి ఉన్నది 10 లక్షల 70 వేల కోట్ల రూపాయలని గేమ్, డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ సంస్థలు 2022ల అంచనా కట్టినయి. దీని కోసం చట్టం లేదా అంటె, ఉంది. 2006ల వచ్చిన ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం. అందుల ఏముందో ప్రతి స్టార్టప్ పోరగానికి నోటికి రావాలె.

సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నోళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటె ఆ తారీఖు లోపు, ఎట్లున్నా 45 రోజులు దాటకుంట పైసలియ్యాలె. ఒప్పందం లేకుంటె 15 రోజులే. ఒప్పందంల 60 అని రాసుకున్నా, 90 అని రాసుకున్నా చట్టం 45నే లెక్కపెడ్తది. సరుకు ముట్టిన 15 రోజుల లోపు కొన్నోళ్లు 'సరుకు బాగలేదు' అని రాతపూర్వకంగ అభ్యంతరం చెప్పకపోతె, సరుకు ముట్టిన రోజే ఒప్పుకున్నట్టు. లేటయితె నెల నెల చక్రవడ్డీ, అది గూడ రిజర్వ్ బ్యాంక్ రేటుకు మూడింతలు. ఆ రేటు 5.5 శాతం ఉంటె 16.5 శాతం. ఊరి ఫైనాన్స్ నూటికి రెండు అంటె యేడాదికి 24 శాతం. అంటె చట్టం ఇప్పించే మిత్తి మనం కట్టే మిత్తికి గూడ సరిపోదు. అయినా ఏమీ లేనిదానికంటె నయమే.

ఇయ్యకపోతె రాష్ట్రంల ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పోవచ్చు. ఆన్‌లైన్‌ల ఫిర్యాదు కోసం 2017ల సమాధాన్ పోర్టల్ పెట్టిన్రు. 90 రోజులల్ల తేల్చాలని చట్టం చెప్తది. కౌన్సిల్ తీర్పు మీద కొన్నోళ్లు కోర్టుకు పోవాలన్నా, ముందు 75 శాతం పైసలు డిపాజిట్ చేయాలె. చదువుతుంటె బలమైన చట్టమే.

2023 బడ్జెట్‌ల ఇంకో ముడి వేసిన్రు. ఇన్‌కం ట్యాక్స్ చట్టంల 43బీ(హెచ్) అని తెచ్చిన్రు. చిన్నోళ్ల బిల్లు గడువు దాటితె, పైసలు కట్టిన యేడాదే ఆ ఖర్చును లెక్కల చూపెట్టుకోవాలె అన్నట్టు. ఆలోచన మంచిదే. కాని జాగ్రత్తగ చూస్తె ఒక సందు ఉంది. జూన్ బిల్లును డిసెంబర్‌ల ఇచ్చినా అదే ఆర్థిక సంవత్సరం కాబట్టి కొన్నోనికి పన్నుల పోయేది ఏం లేదు. మార్చి 31 దగ్గరికి వచ్చినప్పుడే ఆ చట్టం భయం. మిగిలిన కాలమంత మామూలే.

ట్రెడ్స్ అని ఇంకోటి ఉంది. మన బిల్లును ఆన్‌లైన్‌ల పెడ్తం, కొన్న కంపెనీ 'ఔ, ఇది నేను ఇయ్యాల్సిందే' అని ఒప్పుకుంటది, బ్యాంకులు వేలం పాడి కొంత కోసుకోని మిగిలినవి మనకు వెంటనే ఇస్తయి. గడువు నాడు కొన్న కంపెనీ దగ్గర బ్యాంకు వసూలు చేసుకుంటది. వాడు ఎగ్గొట్టినా మన మీదికి రారు. 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు 2025 మార్చి 31 లోపు ఇందుల చేరాలని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. కాని చేరుడు వేరు, మన బిల్లును ఒప్పుకునుడు వేరు. చేరి ఊకె కూసున్నోన్ని ఎవరు అడగాలె?

ఇగ అసలు కొర్రు. ఈ చట్టాలన్నీ వాడుకోవాలంటె కొన్నోని మీద ఫిర్యాదు చేయాలె. ఫిర్యాదు చేసిన నాడే ఆర్డర్ బంద్. ఊర్ల పటేల్ మీద పోలీస్ స్టేషన్‌ల కేసు పెట్టి మల్ల ఆయన పొలంలనే కూలికి పోవుడు ఎట్లుంటదో, ఇది గూడ అట్లనే. చట్టం ఉంది, దాన్ని పట్టుకునే చెయ్యి గజగజ వణుకుతది. చిన్నోని మీద భారం పెట్టిన చట్టం చిన్నోన్ని ఎట్ల కాపాడ్తది?

మన చేతుల ఉన్నది

సర్కారు మారేదాక ఆగలేం కాబట్టి మన చేతుల ఉన్న పనులు చెప్త.

ఒకటి, 13 వారాల కాయితం. సాఫ్ట్‌వేర్ అక్కరలేదు, నోటుబుక్ చాలు, ఫోన్‌ల షీట్ ఉన్నా చాలు. ప్రతి వారానికి నాలుగు గడులు: మొదలు ఉన్నది, వచ్చేది, పోయేది, మిగిలేది. 13 వారాలంటె మూడు నెలలు. వచ్చేది రాసేటప్పుడు కొన్నోడు చెప్పిన తారీఖు రాయొద్దు, పోయినసారి నిజంగ ఇచ్చిన తారీఖు చూసి రాయాలె. పోయేది మాత్రం అసలు గడువుకే రాయాలె. ప్రతి శనివారం కూలి ఇచ్చినంక ఆ కాయితం దిద్దాలె. మిగిలేది అనే గడిల ఎక్కడ సున్నా కిందికి పోతుందో ఎనిమిది వారాల ముందే కనవడ్తది. ఎనిమిది వారాల ముందు అడిగితె బ్యాంకు మేనేజర్ మాట్లాడ్తడు. ముందటి రోజు అడిగితె ఫైనాన్సోడే దిక్కు.

రెండు, పన్ను పైసలు మీవి కావు. బిల్లుల ఉన్న జీఎస్టీ సర్కారు సొమ్ము, మీ దగ్గర దాచి పెట్టిన్రు అంతే. వేరే ఖాతాల వేసి మర్చిపోండ్రి. నెలనెలా రిటర్న్ వేసేటోళ్లకు 20వ తారీఖు, పీఎఫ్ ఉంటె 15, టీడీఎస్ ఉంటె 7. ఈ తారీఖులు క్యాలెండర్ మీద ఎర్ర సిరాతోని ఉండాలె.

మూడు, నెలకు ఒక్క లోడు కాదు, వారానికో లోడు, వారానికో బిల్లు. జూన్ మొదటి వారం తయారైన పిండి 30 దాక గోదాంల ఉంటె, 60 రోజుల గడువు మీకు 80 రోజులైతది. బిల్లు ఎంత జల్ది పోతె గడియారం అంత జల్ది తిరుగుతది.

నాలుగు, ఆలస్యానికి ధర కట్టుండ్రి. చేతుల పైసలకు ఒక రేటు, 45 రోజులకు ఇంకో రేటు. సిగ్గుపడాల్సింది ఏం లేదు, ఎరువుల దుకాణమోడు మన నాయినలకు ఎన్నేండ్ల సంది చేసింది అదే. కొత్త గిరాకీ అయితె 30 శాతం అడ్వాన్స్ అడగుండ్రి, కనీసం ముడిసరుకు పైసలన్నా.

ఐదు, అన్ని గుడ్లు ఒక్క గంపల పెట్టొద్దు. పెద్ద ఆర్డర్ ఎంత తీపి ఉన్నా, మూడు వంతులల్ల ఒక వంతన్నా అంగడిల, ఊరి కిరాణాలల్ల, యూపీఐల నేరుగ పైసలు పడే గిరాకీ ఉండాలె. అందుల లాభం తక్కువ ఉండొచ్చు, కాని శనివారం కూలి ఇచ్చేది అదే.

ఆరు, కాయితాలు. సరుకు పంపకముందే ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకోండ్రి, అది ఫ్రీ, ఎవ్వనికి రూపాయి ఇయ్యొద్దు. తర్వాత చేసుకుంటె పాత బిల్లుల మీద పంచాది అయితది. ప్రతి బిల్లు మీద ఉద్యం నంబర్ వేయుండ్రి. ఆర్డర్ కాయితం, సరుకు ముట్టినట్టు సంతకం, తారీఖు దాచుకోండ్రి. ఇంకోటి, ఈ 45 రోజుల రక్షణ సొంతంగ తయారుచేసేటోళ్లకు, సేవలు చేసేటోళ్లకే. ఒకని దగ్గర కొని ఇంకోనికి అమ్మే వ్యాపారులకు ఉద్యం నంబర్ ఉన్నా ఈ రక్షణ రాదు. ఇది తెల్వక చాన మంది మోసపోతున్నరు.

సర్కారును అడగాల్సింది

మంత్రులు ప్రతి సభల 'ఉద్యోగాలు అడుగుడు కాదు, ఉద్యోగాలిచ్చేటోళ్లు కావాలె' అని చెప్తరు. మంచిది. అయితె మొదలు సర్కారే తన బిల్లులు టైముకు ఇయ్యాలె. ఏ శాఖ ఎవరికి ఎంత బాకీ ఉంది, ఎన్ని రోజుల సంది ఉంది, వరుస ప్రకారమే ఇస్తుందా లేదా అనేది అందరికి కనవడేటట్టు పెట్టాలె. సర్కారే ఎగ్గొట్టే కాడ ప్రైవేటోన్ని గడువు పాటించు అని ఎట్ల అడుగుతది?

రెండోది, ఫిర్యాదు భారం చిన్నోని మీద నుంచి తీయాలె. ఏ బిల్లు ఎప్పుడు కొట్టిన్రో జీఎస్టీ పోర్టల్‌ల ఇప్పటికే ఉంది. కొన్న కంపెనీ పైసలు ఎప్పుడు ఇచ్చిందో గూడ అందుల రాయమంటె, 45 రోజులు దాటిన బిల్లు దానంతట అదే బయటపడ్తది. ఎవ్వరు ఎవ్వరి మీద కేసు పెట్టే అవసరం లేదు. జీఎస్టీ చట్టంలనే 180 రోజులల్ల అమ్మినోనికి పైసలియ్యకపోతె కొన్నోని ఇన్‌పుట్ క్రెడిట్ వాపస్ కట్టాలని రూల్ ఉంది. చిన్నోళ్ల బిల్లులకు ఆ 180ని 45 చేస్తె చాలు. చిన్నోడు పైసలు రాకముందే పన్ను కడ్తున్నడు, కొన్నోడు పైసలియ్యకముందే ఆ పన్ను క్రెడిట్ వాడుకుంటున్నడు. ఇదేం న్యాయం?

మూడోది, ఊర్లల్ల స్టార్టప్‌లకు పెద్ద పెద్ద ఫండ్‌ల కంటె ముందు కావాల్సింది బిల్లు మీద అప్పు. స్త్రీనిధి మహిళా సంఘాలకు ఎట్ల చేతికందే అప్పు ఇస్తదో, అట్ల ఒప్పుకున్న బిల్లు చూపెడితె రెండు మూడు రోజులల్ల పైసలిచ్చే ఏర్పాటు జిల్లాకొకటి ఉండాలె.

స్టార్టప్ పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు రేపు ఎవరన్న పెద్ద కంపెనోడు వచ్చి 'ఎంత సరుకు ఇయ్యగలుగుతరు' అని అడిగితె జవాబు చెప్పే ముందు తిరిగి ఒక్క మాట అడగుండ్రి: 'పైసలు ఏ తారీఖున ఇస్తరు?' ఆ తారీఖు కాయితం మీద రాసి సంతకం పెట్టినంకనే జొన్నల బస్తా విప్పుండ్రి.